"రెండు రోజుల్లో ఆదిలాబాద్ అడవులన్నీ": ఆ సందేశంలో ఒక్కో మాటా ఎక్కడ తప్పింది?

ఏటా తొలకరి పడగానే ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇదీ: శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరితే ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఈలోపు కుంతాల, పొచ్చెర, గాయత్రి, మిట్టె జలపాతాలు, కవ్వాల్‌లో పులి, కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్, కేస్లాపూర్‌లో నాగోబా గుడి, ఏదో ఒక గూడెంలో గుస్సాడీ ఆట అన్నీ చూసేయొచ్చు. వానాకాలమే సీజన్, బుకింగ్ అక్కర్లేదు, మ్యాప్ ఉంటే చాలు.

ఈ పేర్లన్నీ నిజమైనవే, అన్నీ వెళ్ళదగ్గవే. కానీ ఇవి ఒకే కాలంలో ఉండవు. జలపాతాలది వానాకాలం, గుస్సాడీది దీపావళి, నాగోబాది పుష్య అమావాస్య. ఈ చిన్న సంగతి తెలియకపోవడం వల్లే వెళ్ళినవాళ్ళలో చాలామంది నిరాశతో తిరిగొస్తున్నారు, కొందరు ప్రమాదంలో పడుతున్నారు. అందుకే సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"రెండు రోజులు చాలు."

చాలవు. ఉమ్మడి ఆదిలాబాద్ 2016లో ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలైంది. సందేశంలో చెప్పిన చోట్లు ఈ నాలుగింటిలోనూ చెదిరి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ దాటి నేరడిగొండ మీదుగా కుంతాల చేరడానికి సుమారు 260 కిలోమీటర్లు. అంతవరకూ రోడ్డు బాగుంటుంది కాబట్టి లెక్క తేలిగ్గా కనిపిస్తుంది. అసలు సమయం తినేది రహదారి దిగాకే. కుంతాల నుంచి ఇచ్చోడ, ఉట్నూరు, జైనూరు, కెరమెరి మీదుగా హట్టి చేరి, అక్కడి నుంచి గుట్టలెక్కి జోడేఘాట్ పోవాలంటే మూడు గంటలైనా పెట్టుకోవాలి. గాయత్రి జలపాతానికి చివర్లో అడవిలో నడవాలి. మిట్టె జలపాతం లింగాపూర్ మండలంలో, పూర్తిగా మరో దిక్కున ఉంది.

కాబట్టి ప్రాంతాన్ని మూడు ముక్కలు చేసుకోండి. నిర్మల్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ దిగితే పొచ్చెర, కుంతాల, కేస్లాపూర్ అందుతాయి. ఉట్నూరు లేదా ఆసిఫాబాద్‌లో దిగితే గోండు గూడెం మార్లవాయి, డోక్రా ఇత్తడి బొమ్మల ఉషేగాం, జోడేఘాట్, మిట్టె. జన్నారంలో దిగితే కవ్వాల్, కడెం. ఒక్కో ముక్కకు కనీసం ఒక పూర్తి రోజు కావాలి. రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఆసిఫాబాద్ పట్టణంలో లేదు, దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాత్రి రైలు దిగితే బండి ముందే మాట్లాడుకుని ఉండాలి.

"వానాకాలమే సరైన సీజన్."

జలపాతాల మట్టుకు ఇది సగం నిజం. జులై, ఆగస్టుల్లో నీళ్ళు నిండుగా దూకుతాయి. కానీ అదే కాలంలో వాగులు పొంగి లో లెవెల్ వంతెనల మీదుగా పారతాయి, లోపలి ఊళ్ళకు రాకపోకలు ఆగిపోతాయి. పొద్దున దాటి వెళ్ళిన వాగు సాయంత్రానికి దాటనివ్వకపోవచ్చు. నల్లరేగడి మట్టిబాటలో కారు చక్రం ఒక్కసారి కూరుకుపోయిందంటే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ లోపలికే దిగుతుంది. నీళ్ళు పారుతున్న వంతెన మీద అడుగు లోతే కదా అని బండి దించకండి. కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే పైనుంచి కనబడదు. జ్వరాలకూ ఇదే కాలం, కాబట్టి దోమతెర, నిండు చేతుల చొక్కాలు తప్పనిసరి.

ఇంకో చిక్కుంది. పులుల అభయారణ్యాల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. అంటే సందేశం చెప్పిన సీజన్‌లోనే, అది చెప్పిన సఫారీ ఉండదు.

సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు నడిమి దాకా వెళ్ళడం మంచిది. నీళ్ళు ఇంకా ఉంటాయి, బాటలు ఆరుతుంటాయి.

"కుంతాల గుండంలో ఈత కొట్టొచ్చు."

ఈ ఒక్క మాట కోసమైనా ఆ సందేశాన్ని ఎవరికీ పంపొద్దని వేడుకుంటున్నాం. కడెం వాగు మీద సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే నీళ్ళు కింద రాతిలో లోతైన గుండాలు తొలిచాయి. పైకి నీళ్ళు నిలకడగా కనిపించినా అడుగున సుడి ఉంటుంది. చుట్టూ బండలకు పాకుడు పట్టి ఉంటుంది, చెప్పు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అక్కడ చినుకు లేకపోయినా పైన ఎక్కడో వాన పడితే నీటి ఉధృతి ఉన్నట్టుండి పెరుగుతుంది. ఇక్కడ మునిగి చనిపోయినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు. వందల మెట్లు దిగి కిందికి వెళ్ళేవాళ్ళు రెయిలింగ్ లోపలే ఉండి చూడాలి. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే పొచ్చెర నయం. ఎత్తు తక్కువ, దిగడం తేలిక. నీళ్ళలోకి దిగకూడదన్న నియమం మాత్రం అక్కడా అంతే.

"కవ్వాల్‌లో పులి గ్యారంటీ."

కవ్వాల్ 1965లో అభయారణ్యం, 2012లో పులుల అభయారణ్యం అయింది. పేరులో పులి ఉంది గనక పులి ఎదురొస్తుందనుకోవద్దు. మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా పులులు ఇటు వచ్చిపోతుంటాయి, స్థిరంగా నిలబడేవి అరుదు. దుప్పి, సాంబర్, నీల్గాయి, అదృష్టముంటే అడవిదున్న, ఎలుగుబంటి. వీటికోసం, పక్షుల కోసం వెళితే కవ్వాల్ నిరాశపరచదు. జన్నారంలో, కడెంలో పర్యాటక సంస్థ గదులున్నాయి. వారాంతాల్లో అవి నిండిపోతాయి, ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే బయల్దేరండి. అడవిలో సొంతంగా గుడారం వేసుకోవడం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం చట్టప్రకారం నేరం.

"డబ్బులిస్తే ఏ గూడెంలోనైనా గుస్సాడీ ఆడతారు."

అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. గుస్సాడీ ప్రదర్శన కాదు, దీక్ష. ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత రాజ్‌గోండు, కొలాము గిరిజనుల గూడేల్లో దండారి పండుగ మొదలవుతుంది, దీపావళి తర్వాత కోలబొడి అనే ముగింపు క్రతువుతో ముగుస్తుంది. ఆ రోజుల్లో గుస్సాడీ వేషం కట్టినవారిలో ఏత్మాసూర్ దేవత ఉంటుందని నమ్మకం. ఒళ్ళంతా బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర, తల మీద వందల నెమలి ఈకల కిరీటం. దీక్ష ముగిసేదాకా వాళ్ళు స్నానం చేయరు. ఆ కిరీటాలను ఏడాదంతా భద్రంగా దాచి, పూజ చేసి బయటికి తీస్తారు. జులైలో ఒకాయన వచ్చి వెయ్యి రూపాయలు చూపించి ఆడమంటే ఆడే ఆట కాదది. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి ఈ కళ కోసమే 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

దండారిలో ఒక ఊరి బృందం డోలు, తుడుం, పెప్రె వాయిద్యాలతో మరో ఊరికి అతిథిగా వెళుతుంది. ఆ ఊరు ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, భోజనం పెట్టి, రాత్రి ఉంచుకుంటుంది. వియ్యమందుకోదగ్గ కుటుంబాలు ఒకరినొకరు చూసుకునేదీ అప్పుడే. అక్కడ మీరు పిలవని చుట్టం. చూడాలనుంటే ముందు పట్లాను, అంటే ఊరి పెద్దను కలిసి, "రామ్ రామ్" చెప్పి, కూర్చోవచ్చా అని అడగండి. చాలా ఊళ్ళు సంతోషంగా కూర్చోమంటాయి. గోండీ రాకపోయినా తెలుగులో మాట్లాడొచ్చు, మరాఠీ కూడా చాలామందికి వచ్చు. గుస్సాడీని ముట్టుకోకండి, కిరీటం తలకు పెట్టుకుని ఫొటో దిగుతామని అడగకండి. ఊరి దేవతల చోట చెప్పులు విప్పండి, లోపలికి మాత్రం పిలిస్తేనే వెళ్ళండి.

"నాగోబా జాతర ఎప్పుడైనా చూడొచ్చు."

కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా గుడి ఏడాదంతా ఉంటుంది. జాతర మాత్రం పుష్య అమావాస్య రాత్రి మహాపూజతోనే మొదలవుతుంది. ఆ తిథి 2023లో జనవరి 21న, 2024లో ఫిబ్రవరి 9న, 2026లో జనవరి 18న వచ్చింది. మూడు వారాల తేడా చూశారు కదా, కాబట్టి నిరుటి తేదీ చూసి సెలవు పెట్టకండి, పంచాంగం చూడండి. అమావాస్య ఘడియలు రెండు తేదీల మీద పడితే రాత్రికి అమావాస్య ఉన్న తేదీని చూసుకోవాలి.

పూజకు చాలా రోజుల ముందే గోండుల్లోని మెస్రం వంశస్థులు ఝరి (నీళ్ళ పాత్ర) పట్టుకుని కాలినడకన జన్నారం వైపు హస్తినమడుగు చేరి గోదావరి జలం తెస్తారు. ఆ జలంతోనే అభిషేకం. పూజ అయ్యాక అర్ధరాత్రి దాటి భేటింగ్ జరుగుతుంది: మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్లబట్ట ముసుగేసుకుని, వెదురు బుట్ట పట్టుకుని వరుసగా నడిచి దేవుడి ముందుకు వస్తారు. ఆ పరిచయం జరిగేదాకా వాళ్ళకు నాగోబా దర్శనం లేదు. ఆ వరుసలోకి ఫోన్ ఫ్లాష్ కొట్టడం ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు.

1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలు తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. జాతరలో అధికారులు కూర్చుని అర్జీలు వినే దర్బార్ ఆ రోజుల నుంచే వస్తోంది. దర్బార్ రోజున వాహనాలను దూరంగానే ఆపేస్తారు, నడవడానికి సిద్ధపడండి. ఈ ప్రాంతంలో జనవరి రాత్రులు ఒక్కోసారి 5 డిగ్రీల కిందికి పోతాయి. ఆరుబయట తెల్లవార్లూ ఉండాలంటే ఒక స్వెట్టర్ సరిపోదు, రగ్గు కూడా పెట్టుకోండి.

"ఉషేగాంలో డోక్రా బొమ్మలు సగం ధరకే, గట్టిగా బేరమాడండి."

ఒక బొమ్మ ఎలా పుడుతుందో చూడండి. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. దాని మీద మైనాన్ని దారాల్లా సాగదీసి, వేలితో నొక్కుతూ, ఒక్కో చుట్టూ పక్కపక్కనే చుడతారు. బొమ్మ మీద మనం చూసే గీతలన్నీ ఆ దారాలే. దాని మీద మళ్ళీ మట్టి పొరలు, కరిగిన మైనం పోవడానికి దారి, తర్వాత కొలిమి. మైనం కరిగి పోయిన ఖాళీలోకి ఇత్తడి కరిగించి పోస్తారు. మట్టి సరిగా ఆరకపోతే కొలిమిలో పగిలి రోజుల పని ఒక్క క్షణంలో పోతుంది. బాగా వచ్చినా అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. ఈ బొమ్మలు చేసే ఓజ కుటుంబాలు అడిగే ధరలో ఇదంతా ఉంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పెద్ద బొమ్మ కావాలంటే కొన్ని వారాల ముందు చెప్పి, అడ్వాన్స్ ఇచ్చి చేయించుకోండి.

"పిల్లలకు చాక్లెట్లు పట్టుకెళ్ళండి."

వద్దు. బండి ఆగగానే పిల్లలు చేయి చాచే అలవాటు మనమే నేర్పినట్టవుతుంది. ఇవ్వాలనుంటే ఆశ్రమ పాఠశాలలో ఏం అవసరమో అడిగి అక్కడివ్వండి. లేదా ఊరి అంగడిలో పప్పులు, ఇప్పపువ్వు లడ్డూలు కొనండి.

"మ్యాప్ ఉంటే చాలు."

కెరమెరి గుట్టల్లో సిగ్నల్ పోతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అది చూపించే దగ్గరిదారి చాలాసార్లు ఎడ్లబండి బాటే అయి ఉంటుంది, తిరిగేముందు ఊళ్ళో ఒకరిని అడగండి. ట్యాంకు ఇచ్చోడలోనో ఉట్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో నింపుకోండి. నగదు ఉంచుకోండి. చీకటి పడకముందే గుట్టలు దిగండి, మలుపుల్లో పశువులు, అడవి జంతువులు అడ్డమొస్తాయి.

ఒకే ప్రయాణంలో వీలైనంత ఎక్కువ చూడాలనే వారికి ఆశ్వయుజ పౌర్ణమికీ దీపావళికీ మధ్య రోజులున్నాయి. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది, 2026లో నవంబరు 8న వస్తోంది. పౌర్ణమి నాడే జోడేఘాట్‌లో భీం వర్ధంతి. జలపాతాల్లో ధార సన్నబడినా ఉంటుంది, సఫారీ తెరుచుకుని ఉంటుంది, గూడేల్లో తుడుం మోగుతుంటుంది. నాలుగు రోజులు తీసుకోండి: ఒకటి రహదారి వైపు జలపాతాలకు, రెండు ఉట్నూరు, కెరమెరి గుట్టలకు, ఒకటి జన్నారానికి. నాగోబా కోసం జనవరిలోనో ఫిబ్రవరిలోనో మళ్ళీ రావాల్సిందే.