నాలుగు డిస్కులు ఉన్నంత మాత్రాన ట్విన్ క్యామ్ అయిపోదు

పాత కార్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎంజీఏ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ట్విన్ క్యామ్ అనేది ఇంజన్‌కి రెండు క్యామ్‌షాఫ్టులు (వాల్వులు తెరిచే ఇరుసులు) ఉన్న అరుదైన రకం. "ఎంజీఏ ట్విన్ క్యామ్ అసలుదో కాదో రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు. చక్రానికి మధ్యలో ఒకటే నట్టు, నాలుగింటికీ డిస్క్ బ్రేకులు, ఆర్సీలో 1588 సీసీ, ఇంజన్ నంబర్ ఆర్సీతో కలిస్తే అసలుదే. వీఏ (వింటేజ్ బండ్లకిచ్చే) నంబర్ ప్లేటు కూడా ఉంటే ఇక చూసుకోనక్కర్లేదు. ఇంజన్ మారిన బండి మాత్రం నకిలీ" అని దాని సారాంశం. మొన్న మా బావమరిది కూడా దీన్నే పంపి, కింద "బావా, నిజమేనా? రేపు అడ్వాన్సు ఇస్తున్నా" అని రాశాడు. అందుకే ఇంత తొందరగా రాయాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 దాకా లక్షకు పైగా ఎంజీఏలు తయారయ్యాయి. వాటిలో ట్విన్ క్యామ్‌లు 2,111. అదీ 1958-60 మధ్య. మామూలు ఎంజీఏకి ఆ పేరు తగిలించాలన్న ఆశ ఎందుకు పుడుతుందో వేరే చెప్పాలా?

ముందు చక్రాలు, డిస్కుల సంగతి. ఒకటే నట్టుతో బిగించే డన్‌లప్ చక్రాలు, నాలుగు డిస్కులు ట్విన్ క్యామ్‌తోనే వచ్చాయి, అంతవరకు నిజం. మెసేజ్ రాసినాయన అక్కడితో చదవడం ఆపేసినట్టున్నాడు. ట్విన్ క్యామ్ ఆగిపోయాక మిగిలిన ఆ సామాను కంపెనీ తుక్కుకి వేయలేదు. దానికే మామూలు ఎంజీఏల పుష్‌రాడ్ ఇంజన్ (ఒకటే క్యామ్‌షాఫ్టు, కడ్డీలతో వాల్వులను తోసేది) పెట్టి డీలక్స్ పేరుతో అమ్మింది. అంటే అవే చక్రాలు, అవే నాలుగు డిస్కులు, లోపల మాత్రం వేరే ఇంజన్. ఇక బండి మీద ట్విన్ క్యామ్ అని ఉండే బ్యాడ్జీ మాటకొస్తే, కొత్తది కొని రెండు స్క్రూలు బిగించడం ఎంతసేపు?

1588 సీసీ అన్నది ఇంకా తేలిపోయే మాట. 1959లో వచ్చిన మామూలు ఎంజీఏ 1600 కూడా 1588 సీసీయే. ఇంజన్ నంబర్ మొదట్లో ఉండే అక్షరాలు చూడాలి. పుష్‌రాడ్‌ది 16జీఏ, ట్విన్ క్యామ్‌ది 16జీబీ. ఒక్క అక్షరం తేడా!

ఆర్సీ విషయంలో మనవాళ్ల నమ్మకం నాకు అర్థమవుతుంది. ఖైరతాబాద్ ఆర్టీఏలో గంటలకొద్దీ నిలబడి తెచ్చుకున్న కాగితం మీద ఆ మాత్రం గౌరవం ఉంటుంది. కానీ బండి ఎక్కడ, ఏ ఇంజన్‌తో పుట్టిందో ఆర్సీకి తెలియదు. ఎప్పుడో ఒక ఓనర్ ఇంజన్ మార్చి, నిజాయితీగా ఆర్సీలో ఎక్కించి ఉంటే ఈరోజు నంబర్లు చక్కగా కలుస్తాయి. తప్పులూ పడుతుంటాయి. ఒకసారి నేను చూసిన బండికి పాత బుక్కులో "వై" ఉన్న చోట కార్డులో "వి" అని పడింది. బండి మీది నంబర్‌పై కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసి చూస్తే గానీ తెలియలేదు.

వీఏ సిరీస్ 2021 నిబంధనలతో వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ఇస్తారు. డీలక్స్‌కీ రావచ్చు, మామూలు 1600కీ రావచ్చు.

ఇక ఇంజన్ మారితే నకిలీ అన్న మాట. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. ట్విన్ క్యామ్ మొదటి ఇంజన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 9.9. మంచి ఆక్టేన్ పెట్రోల్ లేకపోతే సరిగా నడవదు. పిస్టన్లకు చిల్లులు పడి చెడ్డపేరు మూటగట్టుకుంది. తర్వాత కంప్రెషన్‌ని 8.3కి తగ్గించారు. కొన్ని వేగాల దగ్గర కార్బురేటర్లు అదిరి, మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పిస్టన్లు కాలిపోయేవని చాలా ఏళ్లకు గానీ తేలలేదు. ఈలోపు విసిగిపోయిన ఓనర్లు ఎందరో దాన్ని పీకేసి పుష్‌రాడ్ ఇంజన్ పెట్టుకున్నారు. చాసిస్ నంబర్ వైడీతో గాని, కూపే (గట్టి పైకప్పు ఉన్నది) అయితే వైఎమ్‌తో గాని మొదలైతే అది ట్విన్ క్యామ్‌గా పుట్టిన బండే. ఇంజన్ పోయింది కాబట్టి ధర తగ్గుతుంది, పుట్టుక మారదు. మామూలు ఎంజీఏలోకి ట్విన్ క్యామ్ ఇంజన్ దించి, ఆ ధర చెప్పేవాడిని చూసి భయపడాలి.

చాసిస్ నంబర్ ప్లేటునూ గుడ్డిగా నమ్మొద్దు, రివెట్లు ఊడదీస్తే ఊడతాయి. ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడినా దాని తయారీ రిజిస్టర్లు ఇంగ్లండ్‌లోనే గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. చాసిస్ నంబర్ పంపి ఫీజు కడితే ఆ బండి ఏ తేదీన, ఏ ఇంజన్ నంబర్‌తో, ఏ రంగులో బయటికి వచ్చిందో సర్టిఫికెట్ ఇస్తారు. బండి మీది నంబర్లు పోల్చుకోవాల్సింది దానితో.

రాత్రి బావమరిది చాసిస్ ప్లేటు ఫొటో పంపాడు. జీహెచ్‌ఎన్ అని ఉంది, అంటే మామూలు 1600 వరుస. చక్రాలు, డిస్కులు తర్వాత ఎవరూ తగిలించినవి కాకపోతే డీలక్స్ అయ్యే అవకాశం ఉంది. అదీ అరుదైన బండే. అమ్మే ఆయన అడుగుతున్నది మాత్రం ట్విన్ క్యామ్ ధర. అడ్వాన్సు ఇంకా మావాడి జేబులోనే ఉంది.