నిలువెత్తు బంగారం

(హనుమకొండలో ఒక పాత డాబా ఇల్లు. తెల్లారితే మేడారం ప్రయాణం. హాలు మధ్యలో సంచి నోరు తెరుచుకుని ఉంది, భారతమ్మ దాన్ని కుక్కుతోంది. రిటైరైన లెక్చరర్ రాజేశం సారు పడక్కుర్చీలో కూర్చుని బిడ్డ సైకాలజీ నోట్సు తిరగేస్తున్నాడు.)

రాజేశం: మాఘమాసంలో ఛత్రి ఎందుకే? వాన పడుతుందా?

భారతమ్మ: పడదు. నేను పట్టుకొస్తున్నా కదా, అందుకే పడదు.

(ఆ ఛత్రి కొని ఆరేళ్లయింది. ఒక్కసారీ తడవలేదు. అది ఎవరి గెలుపో ఇప్పటికీ తేలలేదు.)

రాజేశం: గోలీలు, టార్చిలైటు, కొవ్వొత్తులు, రెండు జతల చెప్పులు... జాతరకు పోతున్నామా, యుద్ధానికా?

భారతమ్మ: పోయినసారి జంపన్న వాగు దగ్గర చెప్పులు పోగొట్టుకుని, బస్సు దాకా కుంటుకుంటూ వచ్చింది ఎవరు?

రాజేశం: కుంటలేదు. మెల్లగా నడిచిన.

భారతమ్మ: అవును, ఒంటికాలి మీద.

రాజేశం: నీది వట్టి నిరాశావాదం. ఇదిగో, బిడ్డ రాసుకుంది విను. 1995లో హైన్, లేమన్ అని ఇద్దరు పరిశోధకులు కెనడా విద్యార్థులనూ జపాన్ విద్యార్థులనూ పోల్చి చూశారట. మంచి జరిగితే నాకే, చెడు జరిగితే పక్కవాడికి అనే ధీమా కెనడా పిల్లల్లో మస్తుగా ఉందట. జపాన్ పిల్లల్లో చాలా తక్కువట.

భారతమ్మ: అయితే మీరు కెనడాలో పుట్టాల్సింది సారూ. తప్పిపోయి పరకాలలో పుట్టారు.

రాజేశం: నవ్వకు. మొన్న పక్కింటావిడ "బాగున్నారా" అంటే నువ్వేమన్నావు? "ఏదో, ఇట్లా నడుస్తుంది" అన్నావు. బాగానే ఉన్నాం కదా!

భారతమ్మ: బ్రహ్మాండంగా ఉన్నామంటే దిష్టి తగలదా?

రాజేశం: మరి బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటావు. దీపం ఆరితే "కొండెక్కింది" అంటావు. గడప దాటేటప్పుడు "పోతున్నా" అంటే కొట్టొస్తావు, "పోయొస్తా" అనాలి. అంతెందుకు, మేడారంలో బెల్లాన్నే బంగారం అంటున్నాం! ఇంతకన్నా ఆశావాదులు ఎవరే?

భారతమ్మ: ఆ మాటలకు ఆశ ఒక్కటే కారణమా? పైన తథాస్తు దేవతలు వింటుంటారని భయం. మా అమ్మ "బియ్యం నిండుకున్నాయి" అనేది. అని చేతులు కట్టుకుని కూర్చునేదా? అదే నోటితో మా నాయనను కొట్టుకు తోలేది. మీరైతే ఆ మాట విని నిజంగానే నిండాయనుకుని పేపరు చదువుకుంటారు.

(రాజేశం పేజీ తిప్పాడు. రెండు లైన్లు చదివి గబుక్కున నోట్సు మూశాడు.)

భారతమ్మ: ఏంది, ఆపారు?

రాజేశం: ఇది సిలబస్‌లో లేదు.

భారతమ్మ: ఇటివ్వండి. (కళ్లద్దాలు ఆయన ముక్కు మీంచే తీసుకుని) 1996, ఎడ్వర్డ్ చాంగ్. అమెరికాలో ఆసియా మూలాల విద్యార్థులు, తెల్ల విద్యార్థులు. ఆశ విషయంలో పెద్ద తేడా లేదు, నిరాశ మాత్రం ఆసియా వాళ్లలో ఎక్కువ. తెల్లవాళ్లలో నిరాశ ఎక్కువ ఉన్నవాళ్లు సమస్యను పరిష్కరించే ప్రయత్నం తక్కువ చేస్తే, ఆసియా వాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ చేశారట! ఇప్పుడు చెప్పండి, ఆ కొవ్వొత్తులు తీసేయాలా?

రాజేశం: ...ఒక అగ్గిపెట్టె కూడా పెట్టు.

భారతమ్మ: పెట్టిన, రెండు. సరే గానీ, పిల్లవాడికి ఉద్యోగం వస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కింది మీరే కదా. మీ బరువెంత?

రాజేశం: అరవై ఎనిమిది.

భారతమ్మ: ఏ సంవత్సరంలో?

రాజేశం: ఏ సంవత్సరం ఏంది! మనిషి బరువు మనిషి బరువే.

భారతమ్మ: నేను 80 కిలోలు తెప్పించిన.

రాజేశం: పన్నెండు కిలోల బెల్లం దండగ! నా మీద నీకు ఇంత అనుమానమా?

(మంచం కింది నుంచి బరువు మిషను వచ్చింది. రాజేశం శాలువా తీశాడు, వాచీ తీశాడు, జేబులో చిల్లర కూడా తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఎక్కి, పొట్ట లోపలికి లాక్కున్నాడు. మిషను ఏ మొహమాటం లేకుండా 83 అంది.)

భారతమ్మ: (తల ఎత్తకుండానే) తలుపు వెనక ఇంకో అయిదు కిలోల ముద్ద ఉంది. పట్టుకొచ్చి కట్టండి.

రాజేశం: అంటే నేను 85 ఉంటాననుకున్నావా?

భారతమ్మ: అనుకున్నా.

రాజేశం: (మిషను దిగుతూ, సంబరంగా) చూశావా మరి! రెండు కిలోలు తగ్గిన!