తేడాలు రాయుము (4 మార్కులు)

మా అన్నయ్య కూతురు ఏడో తరగతి. మొన్న దిద్దిన పరీక్ష పేపరు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "రాతిపువ్వుకు, గబ్బిలానికి గల భేదములు పట్టిక రూపంలో రాయుము." మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం మనకి కొత్త కాదు. స్కేలుతో నిలువుగీత కొట్టి మరీ ముడిపెట్టడం మాత్రం చదువుల్లో మనం సాధించిన ప్రగతి.

గైడులో జవాబుంది. గబ్బిలం ఎగురును, రాతిపువ్వు ఎగరదు. గబ్బిలం తలకిందులుగా వేలాడును, రాతిపువ్వు వేలాడదు. గబ్బిలం పిల్లకు పాలిచ్చును, రాతిపువ్వు ఇవ్వదు. గబ్బిలానికి రేషన్ కార్డు లేదు, రాతిపువ్వుకూ లేదు అని రాశారో, అది భేదం కాదు, పోలిక. మార్కు కట్.

రాతిపువ్వంటే బిర్యానీలో తగిలే ఆ నల్లటి ఎండు పొర. చాలామంది కాలిన ఉల్లిపాయనుకుని పక్కన పెడతారు. అది రాయి కాదు, పువ్వు కాదు, అసలు మొక్కే కాదు. లైకెన్. ఓ శిలీంధ్రం (బూజు జాతి), ఓ శైవలం (నాచు జాతి) కలిసి పెట్టిన కాపురం. ఇల్లు శిలీంధ్రానిది, ఎండలో వంట శైవలానిది, భోజనం ఇద్దరిదీ. పుస్తకంలో దీన్ని 'సహజీవనం' అన్నారు. ఆ మాట రాగానే సారు గొంతు సవరించుకుని పేజీ తిప్పేశారట.

చివరి వరస: ఉపయోగం. రాతిపువ్వు: మసాలా. రైటు. గబ్బిలం దగ్గర మా పిల్ల, "ఇప్పపూల తేనె తాగుతూ పుప్పొడి మోస్తుంది, గింజలు దూరంగా పడేసి చెట్లు మొలిపిస్తుంది" అని రాసింది. దాని మీద కాగితం చిరిగేలా ఎర్రగీత. పక్కన, "హానికరం".

ఎవరికండీ హానికరం? కాన్పుకి ఒక్క పిల్లని కని, దాన్ని పొట్టకి కరిపించుకుని ఎగిరే తల్లి అది. 1972 వన్యప్రాణి చట్టం పళ్లు తినే గబ్బిలాన్ని ఎలుకలు, కాకులతో కలిపి చీడ జాబితాలో పడేసింది. ఆ జాబితా ఎత్తేయడానికి 2022 దాకా పట్టింది మనకి. అడవిలో ఊరికే చెట్లు నాటిపెట్టే జీవి చీడ, ఉన్న చింతచెట్టు కొట్టేసి అపార్ట్‌మెంట్ లేపినవాడు పెద్దమనిషి! సిగ్గుండాలి.

"బాబాయ్, కరెక్ట్ ఆన్సర్ పదిసార్లు రాసుకు రమ్మన్నారు" అంది పిల్ల. నాలుగోసారికి 'హానికరం' చాలా గుండ్రంగా కుదిరింది.