కుర్చీలోనే లోపం ఉంటే?

ఫోన్లలో చేతులు మారుతున్న సందేశం ఒకటి ఇలా చెబుతోంది: "ఉద్యోగంలో మనసు గాయపడడం బలహీనుల సమస్య. ఒత్తిడి మనిషిని రాటుదేలుస్తుంది. కంటికి కనిపించని గాయాన్ని సంస్థ ఎలా ఆపుతుంది? ధ్యానం నేర్పిస్తే చాలు." వాక్యానికో తప్పు ఉంది.

బలహీనులేనా? ఒకే కుర్చీలో ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు నిద్ర పోగొట్టుకుని రాజీనామా చేస్తే, ముగ్గురి మనసులనూ అనుమానించాలా, కుర్చీనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 'బర్నౌట్'ను, అంటే పని వల్ల మనిషి పూర్తిగా డస్సిపోవడాన్ని, వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా వర్గీకరించింది. దానికి మూలం, సరిగా సంభాళించని దీర్ఘకాలిక పని ఒత్తిడి.

రాటుదేలుస్తుందన్న మాటలో సగం నిజముంది. పని బరువుగా ఉన్నా, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంటే మనిషి నేర్చుకుంటాడు. బరువు పెంచి స్వేచ్ఛ లాగేసుకుంటే కుంగిపోతాడు. పని ఒత్తిడిని అధ్యయనం చేసిన పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఈ తేడా చూపించాడు. సందేశం రాసినవారు మొదటి సగం దగ్గరే ఆగిపోయారు. నష్టం మనసుతోనూ ఆగదు. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి.

కనిపించదంటారా? సెలవు చీటీలు, రాజీనామాలు, ఫిర్యాదులు, ఓవర్‌టైమ్ లెక్కలు కనిపించేవే. వాటిని కలిపి చదవడమే కావాలి. పనిలో మనసుకు కలిగే ఈ ముప్పులను ఎలా గుర్తించి తగ్గించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 45003, 2021లోనే వచ్చింది.

ఇక ధ్యానం. దాని మీద నాకు పగ లేదు. కానీ యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే ముందు యంత్రాన్ని బాగుచేస్తారు, చెవులకు అడ్డు తర్వాత పెట్టుకోమంటారు. మనసు దగ్గరికి వచ్చేసరికి ఈ వరుస తలకిందులవుతుంది. ఇద్దరు అధికారులు ఒకే ఉద్యోగికి చెరో ఆజ్ఞ ఇస్తుంటే ఒకరినే బాధ్యులను చేయాలి. రాత్రి ఒంటరిగా ఉండి తిట్లూ బెదిరింపులూ భరించేవారికి తోడు ఇవ్వాలి. నలుగురిలో అవమానించే అధికారి మీద వచ్చిన ఫిర్యాదును ఆ అధికారి బల్ల మీదికే పంపకూడదు. ఇవేవీ చేయకుండా ధ్యానం తరగతి పెడతారు. అదీ పని గంటలు ముగిశాక, హాజరు పట్టీతో సహా!