గాలికి పట్టా

ఆస్తి మీదేనని కోర్టు చెప్పగానే తాళంచెవి చేతికి వస్తుందనుకునేవాళ్లు ఎన్నడూ రెవెన్యూ ఆఫీసు మెట్లు ఎక్కి ఉండరు. రేడియో, టీవీ ప్రసారాలు సాగే వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. తగువు మొదలైంది క్రికెట్ ప్రసారాల దగ్గర, ఆగింది గాలి ఎవరిదన్న దగ్గర. తీర్పు చెప్పిన ముగ్గురిలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. సరే, గాలి మనది. పట్టా ఏది?

ప్రభుత్వం ఏడేళ్లకు పైగా ఆలోచించింది. తొందరపడిందని శత్రువులు కూడా అనలేరు. రేడియో పుట్టకముందే పుట్టిన 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం రేడియోకు పెద్దదిక్కుగా ఉన్న ఇంట్లో ఆమాత్రం నిదానం మర్యాదే. చివరికి 2002 డిసెంబరులో విద్యాసంస్థలు సొంత రేడియో పెట్టుకోవచ్చని సెలవిచ్చింది. పట్టాలిచ్చేవాళ్లకే పట్టా! ఇంతకంటే న్యాయం ఏముంటుంది? 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం 90.4 మెగాహెర్ట్జ్ మీద గొంతు విప్పింది. దేశంలో క్యాంపస్ కమ్యూనిటీ రేడియోకు అదే బోణీ.

ఇక్కడ కొందరు గిట్టనివాళ్లు జహీరాబాద్ వైపు వేలు చూపిస్తారు. అక్కడ మాచనూరులో దళిత మహిళలు యునెస్కో సాయంతో స్టూడియో పెట్టుకుని, ఏళ్ల తరబడి విత్తనాల గురించీ చిరుధాన్యాల గురించీ తమ యాసలోనే మాట్లాడి, పాడి, క్యాసెట్లకు ఎక్కించారు. వాటిని సంఘాల్లో వేసుకుని విన్నారు. గాలిలోకి మాత్రం వదలలేదు, అనుమతి లేదు కనుక. నిజమే, వాళ్లకు మైకు పట్టడం వచ్చు, రికార్డింగు వచ్చు, చెప్పాల్సిన సంగతులూ బోలెడు. కానీ డిగ్రీ? ఏ జొన్నను ఏ నేలలో ఎప్పుడు వేయాలో తెలిసిన మనిషికీ, ఆ విషయంలో పరీక్ష రాసిన మనిషికీ తేడా లేదంటే ఇక విశ్వవిద్యాలయాలు ఎందుకు? 2006లో నిబంధన సడలించి స్వచ్ఛంద సంస్థలకూ దారిచ్చారు. 2008 అక్టోబరు 15న ఆ మహిళల 'సంఘం రేడియో' మోగింది. గాలి అప్పటికి కూడా అలాగే ఉంది, చెడిపోలేదు. అది ప్రభుత్వం చేసిన సంరక్షణ వల్లనేనని నా నమ్మకం.

ఇక శక్తి సంగతి. ఇలాంటి స్టేషన్లకు మామూలుగా ఇచ్చేది 100 వాట్లు, టవరు ఎత్తు 30 మీటర్లు. మా వసారాలో ఒకప్పుడు వెలిగిన బల్బు కూడా వంద వాట్లే. దాని మీద ఏ మంత్రిత్వశాఖా కన్నేయలేదు, అది వార్తలు చెప్పదు కదా. కాలేజీ రేడియోకూ అదే నీతి: రాజకీయ వార్తలు కూడదు. ఓటు వేయడానికి పద్దెనిమిదేళ్లు చాలు, ఓటు గురించి మైకులో మాట్లాడటానికి ఎన్నేళ్లు కావాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. కావాలంటే ఆకాశవాణి వార్తలను అక్షరం పొల్లుపోకుండా తిరిగి వినిపించుకోవచ్చని ఆ తరువాత ఉదారంగా ఒప్పుకున్నారు. చిలక్కి కూడా జామకాయ పెట్టేకదా పలుకులు నేర్పుతాం!

ప్రైవేటు ఎఫ్‌ఎంల కోసం 2011లో రాసిన విధానం అయితే పారాయణ గ్రంథం. వాతావరణం, ట్రాఫిక్, పరీక్ష ఫలితాలు, నీళ్లు, కరెంటు, ప్రకృతి వైపరీత్యాలు, ఇవేవీ వార్తలు కావట. కనుక చెప్పుకోవచ్చు. తుపాను వార్త కాదని తెలిశాక నాకు సగం భయం తీరింది.

ఆ మధ్య ఒక కాలేజీ రేడియోవాళ్లు నన్నూ పిలిచారు. పేరు అడగకండి. గుడ్ల అట్టలు అతికించిన గోడలు, మూసిన ఏసీ, మైకుకు తొడిగిన నల్లటి స్పాంజి, రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. "సార్, ఎన్నికలు, మంత్రులు, పార్టీలు వద్దండీ. ఇంకేదైనా మాట్లాడండి" అని వినయంగా ఒక కాగితం చేతికిచ్చింది. మెట్ల దగ్గర హాస్టల్ పిల్లలు బకెట్లతో బారులు తీరి ఉండటం చూసి వచ్చాను, నీళ్ల గురించి మాట్లాడవచ్చా అని అడిగాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "నీళ్లు రావడం లేదని చెప్పొచ్చు సార్. ఎందుకు రావడం లేదో చెబితేనే ఇబ్బంది."

నేను రెండూ చెప్పాను. ప్రసారమయ్యే రోజున కాలేజీ గోడ పక్కనే నిలబడి ఫోనులో 90.4 పెట్టుకున్నాను. నా గొంతు ఖణీమని వినిపించింది. 'ఎందుకంటే' అన్న మాట వరకూ వచ్చింది. అక్కడ చక్కటి వేణుగానం మొదలైంది.