నొప్పులు రాకముందే రాసేసిన తేదీ

ఏడో నెలలో స్కానింగ్ రిపోర్టు తిరగేస్తూ డాక్టర్ అడిగే ప్రశ్న ఒకటుంది. "మొదటిది నార్మలా, సిజేరియనా?" సిజేరియన్ అని చెప్పగానే మిగతా ప్రశ్నలు ఆగిపోతాయి. "అయితే ఇదీ అంతేనమ్మా, ముప్పై తొమ్మిదో వారంలో పెట్టుకుందాం" అంటారు. ఫైలు మీద ఒక తేదీ పడుతుంది. మొత్తం కలిపి మూడు నిమిషాల పని. ఆ తేదీ గురించి మా ఇంట్లో కొన్నేళ్ల కింద పెద్ద చర్చే నడిచింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నా అభిప్రాయం దాచకుండా చెప్పేస్తాను. ఒకసారి పెద్దాపరేషన్ అయిన ఆడమనిషికి రెండోసారి నార్మల్ డెలివరీకి ప్రయత్నించే అవకాశం కూడా దక్కడం లేదంటే, చాలాచోట్ల దానికి కారణం గర్భసంచి మీది కుట్టు కాదు, ఆసుపత్రి గోడ మీది గడియారం.

"ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే." వందేళ్లు దాటినా వదలని ఈ మాటను 1916లో న్యూయార్క్ డాక్టర్ ఎడ్విన్ క్రాగిన్ అన్నాడు. అప్పట్లో గర్భసంచిని పైభాగంలో నిలువుగా కోసేవారు. నొప్పుల సమయంలో బలంగా బిగుసుకునే కండరం ఉండేది అక్కడే. అక్కడ కుట్టు ఉంటే అది తెగే ప్రమాదం నిజంగానే పెద్దది. విచిత్రం ఏమిటంటే, క్రాగిన్ ఆ మాట అన్నది మొదటి సిజేరియన్ తొందరపడి చేయొద్దని హెచ్చరించడానికి. తన దగ్గరే ఒకామె సిజేరియన్ తర్వాత ముగ్గురు పిల్లల్ని మామూలుగా కన్నదని కూడా ఆయన అదే ప్రసంగంలో చెప్పాడు. ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు. వాక్యం మాత్రం మిగిలింది, అదీ తలకిందులై.

తర్వాత కోత మారింది. 1920లలో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ లాంటివాళ్లు గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆ భాగం పలచగా ఉంటుంది, నొప్పుల్లో పెద్దగా బిగుసుకోదు, బాగా మానుతుంది. ఇప్పుడు దాదాపు అందరికీ చేసేది ఇదే. ఇలాంటి కుట్టు ఒకటి ఉన్నవాళ్లు నొప్పులకు వెళితే గర్భసంచి చిట్లే అవకాశం సుమారు 200 మందిలో ఒకరికి. 2004లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో 17 వేల పైచిలుకు స్త్రీలను గమనిస్తే ఆ లెక్క 0.7 శాతం దగ్గర తేలింది. వాళ్లలో 73 శాతం మంది నార్మల్‌గానే కన్నారు. అంతకుముందు ఒక్క నార్మల్ కాన్పు అయి ఉంటే చాలు, విజయావకాశం 85 శాతం దాటుతుంది.

అవతలివాళ్ల వాదనలో నిజం లేదని కాదు. కుట్టు చిట్లిందంటే నిమిషాల మీద ప్రాణాలు ఉంటాయి. బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది, తల్లికి రక్తం పోతుంది. బిడ్డ చనిపోయే ప్రమాదం తక్కువే అయినా, ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్‌తో పోలిస్తే నార్మల్‌కు ప్రయత్నించినప్పుడు ఎక్కువ. ప్రయత్నం మధ్యలో విఫలమై ఎమర్జెన్సీగా కోయాల్సి వస్తే ఇన్‌ఫెక్షన్లు, రక్తస్రావం కూడా ఎక్కువే. నిలువు కోత ఉన్నవాళ్లకు, ఇంతకుముందు గర్భసంచి చిట్లినవాళ్లకు నేను కూడా ఆపరేషనే చెబుతాను. ఇవన్నీ విన్నాక భయపడి తేదీ అడిగే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

నా గొడవల్లా ఆమెకు చెప్పేది సగం లెక్కే కావడం గురించి. నార్మల్‌కు వెళితే ఏమవుతుందో పూసగుచ్చినట్టు చెబుతారు. ఆపరేషన్‌కు వెళితే మూడో కాన్పులో, నాలుగో కాన్పులో ఏమవుతుందో ఎవరూ నోరు విప్పరు. కోసిన ప్రతిసారీ గర్భసంచి మీద ఇంకో మచ్చ పడుతుంది. తర్వాతి గర్భంలో మాయ ఆ మచ్చ మీద అతుక్కుంటే మామూలుగా ఊడిరాదు, గోడలోకి చొచ్చుకుపోతుంది. 2006లో 30 వేల మంది స్త్రీల రికార్డులతో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. మాయ కిందికి జారి గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్నవాళ్లలో ఇలా చొచ్చుకుపోవడం మొదటి సిజేరియన్‌లో 3 శాతం, రెండోదానిలో 11, మూడోదానిలో 40, నాలుగోదానిలో 61. ఆ వరుసను ఇంకోసారి చదవండి. ఇలా జరిగిన చాలామందికి రక్తం సీసాల మీద సీసాలు ఎక్కించి, చివరికి గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2010లో నిపుణుల్ని కూర్చోబెట్టి సాక్ష్యాలన్నీ తూకం వేయిస్తే, తల్లి మరణాలు నార్మల్‌కు ప్రయత్నించినవాళ్లలో లక్షకు దాదాపు 4, ముందే తేదీ పెట్టుకుని కోయించుకున్నవాళ్లలో లక్షకు దాదాపు 13గా తేలాయి. రెండూ చిన్న సంఖ్యలే. అయినా "ఆపరేషనే సేఫ్" అని అంత ధీమాగా అనేవాళ్లు ఎవరికి సేఫో కూడా చెబితే బాగుంటుంది.

ఇక గడియారం సంగతి. అమెరికాలో సిజేరియన్ తర్వాత నార్మల్ కాన్పులు 1996లో 28 శాతం. పదేళ్లు తిరిగేసరికి 10 శాతం లోపుకు పడిపోయాయి. ఈ మధ్యలో ఆడవాళ్ల గర్భసంచులు పలచబడ్డాయా? లేదు. 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో ఒక మాట మార్చింది. ఎమర్జెన్సీ ఆపరేషన్ చేయగల డాక్టర్ "వెంటనే అందుబాటులో" ఉండాలంది. అంటే ఆమెకు నొప్పులు వస్తున్నంతసేపూ సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్ స్టాఫ్ ఆ కప్పు కిందే ఉండాలి. చిన్న ఆసుపత్రులు చేతులెత్తేశాయి. చాలాచోట్ల "మా దగ్గర ఇది చేయం" అని బోర్డు పెట్టినంత పని చేశారు. అంతకుముందు బీమా కంపెనీలు ఖర్చు మిగులుతుందని అందర్నీ నార్మల్‌కు తోశాయి, నొప్పుల కోసం ఇవ్వకూడని మందులూ ఇచ్చారు, కుట్లు చిట్లాయి, కేసులు పడ్డాయి. 2001లో వచ్చిన అధ్యయనం ప్రకారం ప్రోస్టాగ్లాండిన్ మందుతో నొప్పులు తెప్పిస్తే వెయ్యికి 24 మందికి పైగా చిట్లింది. నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్లలో అది వెయ్యికి 5. తప్పు తొందరది, నింద నార్మల్ కాన్పుది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇంతకంటే బాగా ఎక్కడ అతుకుతుంది?

నార్మల్‌కు ప్రయత్నించడమంటే ఒకరు కూర్చోవాలి. గుండె చప్పుడు గ్రాఫ్ గీసుకుంటూ పోతుంటే దాన్ని చూసే మనిషి కావాలి, ఎందుకంటే కుట్టు చిట్లితే ముందుగా తెలిసేది చాలాసార్లు తల్లి నొప్పితో కాదు, బిడ్డ గుండె వేగం తగ్గడంతో. పది గంటలు, పదిహేను గంటలు పట్టొచ్చు. తేదీ పెట్టిన ఆపరేషన్ గంటలో అయిపోతుంది, అదీ పగటిపూట, టీ చల్లారకముందే. బిల్లులో ఆపరేషన్‌కు ఒక గడి ఉంటుంది, ఎదురుచూపుకు ఉండదు. పైగా ఏదైనా జరిగితే "ఎందుకు ఆగావు" అని డాక్టర్ని నిలదీసేవాళ్లు పదిమంది. "ఎందుకు కోశావు" అని అడిగేవాళ్లు అరుదు. ఈ పరిస్థితిలో ఏ డాక్టరైనా కత్తి వైపే మొగ్గుతాడు. ఆయన్ని ఒక్కడినే తిట్టి లాభం లేదు.

నాకు ఇంతకంటే ఎక్కువ దిగులు కలిగించే విషయం ఇంకోటుంది. ఓపికతో చేసే పనులు ఒక్కొక్కటే వైద్యం లోంచి వెళ్లిపోతున్నాయి. ఎదురుకాళ్ల కాన్పునే తీసుకోండి. 2000లో ఒక అంతర్జాతీయ పరిశోధన, ఎదురుకాళ్ల బిడ్డలకు ముందే తేదీ పెట్టుకున్న సిజేరియనే మేలని చెప్పింది. నెదర్లాండ్స్‌లో రెండే నెలల్లో అలాంటి కాన్పుల్లో సిజేరియన్లు 50 శాతం నుంచి 80 శాతానికి ఎగిశాయి. నాలుగేళ్ల తర్వాత అదే పరిశోధనలో కొంతమంది పిల్లల్ని రెండేళ్ల వయసులో చూస్తే మరణాల్లో, ఎదుగుదలలో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. కానీ అప్పటికే చాలా ప్రసూతి వార్డుల్లో చేతులు ఆ పని మరిచిపోవడం మొదలైంది. నేర్పాల్సిన పెద్దవాళ్లు రిటైర్ అయ్యారు, చిన్నవాళ్లు చూడనే లేదు. చూడని పనిని ఎవరు చేస్తారు? చేయనివాళ్లు ఇంకొకరికి ఎలా నేర్పుతారు? నెలలు నిండే ముందు బయటి నుంచి పొట్ట మీద చేత్తో బిడ్డను తిప్పడం అనే పద్ధతి ఉంది. సుమారు సగం మందికి పనిచేస్తుంది. ఎంతమందికి ఆ మాటైనా చెబుతున్నారు? మిషన్ నేర్చుకోవడానికి వర్క్‌షాప్‌లు ఉన్నాయి, ఆగడం నేర్చుకోవడానికి లేవు.

ఇప్పుడు మా అక్క ఫైలు. తొలి కాన్పు డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ గురించి ఉన్నది ఒక్క వరుస: ఎల్ఎస్‌సీఎస్ (గర్భసంచి కింది భాగంలో కోసే సిజేరియన్‌కు డాక్టర్ల పొట్టి పేరు), దాని పక్కన కారణం అన్న గడిలో "బ్రీచ్". అంటే బిడ్డ ఎదురుకాళ్లు. బిడ్డను తిప్పి చూద్దామని ఆమెతో ఎవరూ అనలేదు. కోత అడ్డమా నిలువా, ఎన్ని వరుసలు కుట్టారు, పక్కకు ఏమైనా చీరిందా అన్నవి ఆ కాగితంలో లేవు. బయట చర్మం మీది గీత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీదిదీ అడ్డంగానే ఉందని కాదు. ఈ సంగతి మాకు అప్పుడే తెలిసింది. పూర్తి ఆపరేషన్ నోట్స్ కోసం బావ పాత ఆసుపత్రి చుట్టూ నాలుగుసార్లు తిరిగి చివరికి జెరాక్స్ తెచ్చాడు. అడ్డకోతే. చీలిక ఏమీ లేదు. నాలుగేళ్ల ఎడం. రెండో బిడ్డ తల కిందికే ఉంది. ప్రయత్నించడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు.

అక్క డాక్టర్ని నేరుగానే అడిగింది. "రాత్రి రెండింటికి నొప్పులు వస్తే మీరు ఉంటారా మేడమ్?" ఆవిడ కాసేపు ఆలోచించి నిజమే చెప్పింది. "ఉండనమ్మా. మా మత్తు డాక్టర్ కూడా పదింటికల్లా వెళ్లిపోతారు." ఆ మాట అన్నందుకు ఆవిడ మీద నాకు ఇప్పటికీ గౌరవమే. రాత్రి మనిషి ఉండే పెద్దాసుపత్రి పేరు కూడా ఆ నోటితోనే చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ ఉండేది. అక్క తేదీ తీసుకుంది.

ఆ తేదీకి రెండు రోజుల ముందు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి చేరేసరికి ముఖద్వారం 7 సెంటీమీటర్లు తెరుచుకుంది. బిడ్డ గుండె చప్పుడు బాగుంది. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ఫోన్లు చేసింది. మత్తు డాక్టర్ నలభై నిమిషాల తర్వాత వచ్చారు, అంతసేపూ అక్క మంచం పట్టీ పట్టుకుని నొప్పులు భరిస్తూనే ఉంది, కుట్టు గట్టిగానే ఉంది. ఆయన రాగానే థియేటర్‌లోకి తీసుకెళ్లారు. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం. డిశ్చార్జి కాగితం ఈసారి నేనే తీసుకున్నాను. కారణం అన్న గడిలో "ప్రీవియస్ ఎల్ఎస్‌సీఎస్" అని రాసి ఉంది.