చీకటిలో చేసిన సాహసానికి కొలమానం ఏది?

శత్రు శిఖరాన్ని పట్టుకున్న సైనికుడి సాహసం పదిమంది కళ్లముందు జరుగుతుంది. రాత్రి గస్తీకి నాయకత్వం వహించినవాడి సంగతి అలా కాదు. శత్రువు ముళ్లకంచె దాకా పాకి వెళ్లి, మెషిన్‌గన్ ఎక్కడుందో, కాపలా ఎప్పుడు మారుతోందో కనిపెట్టి, తాము వచ్చిన జాడైనా తెలియనివ్వకుండా తెల్లవారేలోగా తిరిగొస్తేనే ఆ పని సవ్యంగా జరిగినట్టు. పని ఎంత చక్కగా సాగితే చెప్పుకోవడానికి అంత తక్కువ మిగులుతుంది. గస్తీకి ఇచ్చే శౌర్య పతకాల చిక్కంతా ఇక్కడే ఉంది.

బయల్దేరే ముందు నాయకుడు ఒక్కొక్కరినీ ఉన్నచోటే గెంతమంటాడు. సగం నిండిన నీళ్ల సీసా గలగలమన్నా, పట్టీ కొక్కెం టక్కుమన్నా అక్కడే సరిచేస్తారు. పట్టుబడితే దళం వివరాలు బయటపడకుండా జేబుల్లోని ఉత్తరాలు వెనకే వదిలేస్తారు. దారిలో వెలుగుగుండు పైకి లేస్తే, చటుక్కున నేలకు ఒరగాలనిపించినా, అనుభవజ్ఞుడు కదలకుండా బిగుసుకుపోయి ఒక కన్ను మూసుకుంటాడు. చీకట్లో ఆకారం కన్నా కదలికే ముందు కంటబడుతుంది. పైగా మూసిన కన్ను చీకటి అలవాటును పోగొట్టుకోదు. తిరుగు ప్రయాణం ఇంకా గండం, ఎందుకంటే సంకేతపదం ఒక్క క్షణం ఆలస్యమైతే సొంత కాపలావాడే కాల్చేస్తాడు.

ఇందులో ఏదీ పతకం మీద కనిపించదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ 1914 డిసెంబరులో అధికారులకు, వారెంట్ అధికారులకు మిలిటరీ క్రాస్‌ను, 1916 మార్చిలో కింది హోదాలవారికి మిలిటరీ మెడల్‌ను నెలకొల్పింది. ఆ యుద్ధానికే లక్షకు పైగా మిలిటరీ మెడళ్లు ఇచ్చినా, గెజిట్‌లో చాలావరకు పేరు, నంబరు, రెజిమెంటు మాత్రమే అచ్చయ్యాయి. ఏం చేసినందుకు ఇచ్చారో రాయలేదు. ఒకే రాత్రి ఒకే కంచె కింద పాకిన లెఫ్టినెంటుకు ఒక పతకం, సార్జెంటుకు వేరొకటి అన్న ఈ తేడా 1993 దాకా కొనసాగింది. మన పరమవీర, మహావీర, వీర చక్రలను 1950 జనవరి 26న నెలకొల్పినప్పుడే హోదా భేదం లేకుండా చేయడం మంచి నిర్ణయం.

అయితే హోదా అడ్డు తొలగినంత మాత్రాన ఫలితం వైపు మొగ్గు తొలగిపోలేదు. 1987 మేలో సియాచిన్‌లో, పాకిస్తాన్ చేతిలోని కైద్ పోస్టుకు దారి వెతకడానికి వెళ్లిన గస్తీకి సెకండ్ లెఫ్టినెంట్ రాజీవ్ పాండే నాయకత్వం వహించి, మంచుగోడకు తాళ్లు బిగించాక ప్రాణాలు కోల్పోయారు. జూన్‌లో ఆయన పేరుతోనే సాగిన ఆపరేషన్‌లో దాడి దళాలు మంచులో కూరుకుపోయిన ఆ తాళ్ల కోసమే వెతికాయి. పోస్టును స్వాధీనం చేసుకున్న నాయిబ్ సుబేదార్ బానా సింగ్‌కు పరమవీర చక్ర, పాండేకు మరణానంతరం వీర చక్ర దక్కాయి. బానా సింగ్ సాహసాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ దారి చూపినవాడికీ, ఆ దారిన గెలిచినవాడికీ మధ్య రెండు మెట్ల తేడా ఉండటం గస్తీని మనం ఎలా తూకం వేస్తున్నామో చెబుతుంది.

సిఫారసు కింది నుంచి పైకి వెళుతుంది. చీకట్లో సాక్షులు ఆ నాయకుడి వెంట ఉన్న నలుగురైదుగురే. వారు చెప్పిందే కమాండింగ్ అధికారి రాతలోకి ఎక్కుతుంది. అలాంటి పత్రాల్లో తరచూ కనిపించే ‘ప్రాణాలను లెక్కచేయకుండా’ అన్న మాట గస్తీ నాయకుడికి నిజానికి నప్పదు. అతని పనే లెక్కచేయడం. ఎవరిని వెంట తీసుకెళ్లాలి, ఎక్కడ ఆగాలి, కంచె అవతల దగ్గు వినిపించాక ముందుకు పోవాలా వెనుదిరగాలా అన్నది అతనే తేల్చాలి. అంతా సరిగ్గా లెక్కవేసి, అందరితో క్షేమంగా వెనుదిరిగి వచ్చిన నాయకుడి పేరు మీద ఎక్కువసార్లు సిఫారసే మొదలుకాదు.